ఫార్వర్డ్ చేస్తే భక్తి అయిపోతుందా?

శనివారం తెల్లారేసరికి ఫోన్‌లో పదిమంది వెంకటేశ్వర స్వాములు వచ్చి ఉంటారు. గురువారమైతే రాఘవేంద్ర స్వామి, శుక్రవారమైతే లక్ష్మీదేవి. ఒక దండం బొమ్మ పెట్టి ఇంకో పదిమందికి పంపిస్తాం. దేవుణ్ని తలుచుకున్నామని తృప్తి పడతాం. ఇది భక్తి కాదని నేనంటాను. కోపం వచ్చినా సరే, కాస్త చివరిదాకా చదవండి.

మన ఇళ్లల్లో భక్తి అంటే ఎప్పుడూ చేతులతోనో నోటితోనో ఏదో ఒకటి చేయడమే. తులసికోట ముందు ముగ్గు, పటానికి గుచ్చిన మాల, గుడి ముందు చెక్కభజన, మంగళహారతి పాట. ఇప్పుడో? హారతి ఇచ్చేటప్పుడు పాట ఫోన్ పాడుతుంది, మనం గంట కొడతాం. మన అవ్వలకు చదువు లేకపోయినా నోటికి పాట ఉండేది. మనకు చదువు ఉంది, పాట పోయింది. మన పిల్లలకు ఏది మిగులుతుందో మీరే చెప్పండి.

మన సీమ సంగతే చూద్దాం. తాళ్లపాక అన్నమయ్య 1424లో, పదహారేళ్ల వయసులో సంకీర్తనలు మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నాడని తిరుమల రాగిరేకుల మీద ఉంది. మొత్తం 32,000 అని మనవడు చిన్నన్న చెప్పాడు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 400 పైచిలుకు, అంటే రోజుకు ఒకటికి కాస్త ఎక్కువ. అదంతా రోజూ కూర్చుని చేసిన పని. దాన్నే ఆయన స్వామికి సమర్పించాడు.

"ఆయన మగమనిషి, ఆయనకు వంటా వార్పూ లేదు" అంటారా? ఆయన భార్య తిమ్మక్క ద్విపదలో సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చాలామంది పండితుల మాట. తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక 1730లో పుట్టిన తరిగొండ వెంగమాంబ, విధవరాలు మూల కూర్చోవాలన్న కాలంలో, తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఇప్పటికీ ఏకాంతసేవలో ఆమె పేరుతో ముత్యాల హారతి ఇస్తారు. అంత దూరం ఎందుకు, మంత్రాలయం మనకు పక్కనే. రాఘవేంద్ర స్వామి మీద కన్నడంలో కృతులు కట్టిన గురుజగన్నాథదాసుల పేరు ముందు మన కోసిగి పేరే ఉంటుంది. ఈ ఎండల్లో, ఈ నేల మీదే కట్టిన పాటలవి.

"మేం చూసేది ప్రవచనాలే కదా, చెడ్డవి కాదు కదా" అని కొందరంటారు. వినండి, వద్దనను. కానీ ప్రవచనం అయిపోయిన మరుక్షణం చీరల వీడియో వస్తుంది, దాని వెనక ఎవరింటి గొడవో వస్తుంది. ఫోన్‌ను నడిపేవాడికి మన భక్తితో పని లేదు, మనం లేవకుండా ఉంటే చాలు. ప్రవచనం విన్నాక అందులో ఒక్క మాటైనా మన సొంత మాటల్లో పిల్లలకు చెప్పగలిగామా? చెప్పలేకపోతే విన్నదేమిటి?

ఇంకో మాట కూడా ఉంది, అది న్యాయమైన మాట. మన వైపు సుగ్గికి పోయే కుటుంబాలు ఎన్నో. అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతే, అవ్వ దగ్గర ఉన్న పిల్లలకు అమ్మ ముఖం కనిపించేది సెల్లులోనే. ఆ ఫోన్‌ను నేను ఒక్క మాట కూడా అనను. నా పోరు, అమ్మతో మాట్లాడటం అయిపోయాక కూడా రెండు గంటలు పిల్లవాడి చేతిలోనే ఉండిపోయే ఫోన్‌తో. ఆ రెండు గంటల్లో అవ్వ కథ చెప్పొచ్చు, చెక్కలు పట్టుకుని ఒక అడుగు నేర్పొచ్చు.

"మనమేమైనా అన్నమయ్యలమా?" అని నవ్వకండి. వాకిట్లో ముగ్గు వేసే ఆడమనిషిని నువ్వు చిత్రకారిణివా అని ఎవరూ అడగలేదు. దేవుడు కూడా అడగడు. వంకరగా వచ్చినా అది మన చేత్తో వేసింది. ఒక్కటే జాగ్రత్త. ముగ్గు వేసి ఫోటో పెట్టి, ఎంతమంది చూశారని గంటకోసారి ఫోన్ తీస్తే మళ్లీ మొదటికే వస్తాం. ముగ్గు ఎవరి కోసం వేశామో వాళ్లు చూసేశారు, అది చాలు.

నేను అడిగేది పెద్ద వ్రతం కాదు. సాయంత్రం దీపం పెట్టిన దగ్గర్నుంచి రాత్రి అన్నాలు తినేదాకా ఫోన్ బీరువాలో ఉండనివ్వండి. అత్యవసరమైతే మోగుతుంది, వినిపిస్తుంది. ఆ సమయంలో రోజుకు ఒక్కటి, మీదంటూ ఒక్కటి చేయండి. పాత నోటుబుక్కులో నాలుగు వాక్యాలు, అత్తగారి నోట మిగిలిన ఒక హారతి పాట రాసుకోవడం, బొంతకు రెండు వరసల కుట్టు, ఏదైనా సరే. ఈ కార్తీకంలో హారతి పాట ఫోన్ పాడకూడదు. రెండు చరణాలే వచ్చినా, గొంతు బాగాలేకపోయినా, మనమే పాడాలి.