జన్యువుకు చిరునామా సరే, ఆర్డరుకు తనిఖీ ఏదీ?

సూరత్ జిల్లా జోల్వా నుంచి మాండ్వి వైపు సాగితే దక్షిణ గుజరాత్ గిరిజన ప్రాంతం. సికిల్‌సెల్ వ్యాధి తరతరాలుగా పీడిస్తున్న నేల అది. రక్షణ శీర్షికలో రోగాల ప్రస్తావన ఎందుకంటారా? ఆ వ్యాధికి 2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన జన్యుచికిత్స ‘క్యాస్‌జెవీ’ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. అలాంటి మందు పూర్తిగా పరాయి చేతిలో ఉండటం కూడా భద్రతా సమస్యేనని నా వాదన. ఢిల్లీలోని ఐజీఐబీ దేశీయ క్రిస్పర్ చికిత్స ‘బిర్సా 101’ను రూపొందించి, 2025లో సీరం ఇన్‌స్టిట్యూట్‌తో చేతులు కలపడం అందుకే ఊరటనిచ్చింది.

అయితే శాస్త్రం అక్కడ ఆగలేదు. క్రిస్పర్ ప్రధానంగా కత్తెర. బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌ల వద్ద ఉన్నది దర్జీతనం. ఇంటిగ్రేజ్ అనే ఎంజైముతో అవి తమ డీఎన్ఏను బ్యాక్టీరియాలో ఒక నిర్ణీత చోటే కుట్టేస్తాయి. మనిషి కణంలో ఆ చోటును ముందుగా క్రిస్పర్‌తో రాసి, ఆనక ఎంజైముతో జన్యువును అతికించే పద్ధతిని 2022లో ఎంఐటీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. సుమారు 36 వేల అక్షరాల డీఎన్ఏను చొప్పించగలిగారు. బీటా తలసీమియాకు కారణమయ్యే జన్యుమార్పులు వందల్లో ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో మందు చేయలేం. మంచి జన్యువునే మొత్తంగా అమర్చగలిగితే ఆ బాధ తప్పుతుంది. చోటు ముఖ్యమని ఫ్రాన్స్ అనుభవం ఎప్పుడో నేర్పింది. రెట్రోవైరస్‌తో జన్యువును ఎక్కడపడితే అక్కడ చేర్చిన పిల్లల్లో కొందరికి లుకేమియా వచ్చింది.

ఇదే పనిముట్టు దుర్మార్గుల చేతిలో పడితే? జాతిని చూసి చంపే ఆయుధమంటూ టీవీల్లో సాగే కథలను నేను పట్టించుకోను. ఎంజైమును కావలసిన కణాలకు చేర్చడం వైద్యులకే ఇంకా గగనంగా ఉంది. ముప్పు ప్రయోగశాల సూక్ష్మజీవుల్లో ఉంది. వాటిలో జన్యువును చొప్పించడం ఎంతో తేలిక. గుర్రపు మశూచి వైరస్‌ను కెనడా శాస్త్రవేత్తలు కంపెనీకి ఆర్డరిచ్చి తెప్పించుకున్న డీఎన్ఏ ముక్కలతోనే పునఃసృష్టించి, ఆ వివరాలను 2018లో ప్రచురించారు. చట్టవిరుద్ధంగా ఏమీ చేయలేదు కూడా.

1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధాల ఒప్పందానికి తనిఖీ వ్యవస్థే లేదు. మన స్కోమెట్ జాబితా ప్రధానంగా ఎగుమతులపై కన్నేస్తుంది. ఎంజైమునే నిషేధిత జాబితాలోకి తోస్తే నష్టపోయేది మన ప్రయోగశాలలే. దానికి బదులు, కృత్రిమ డీఎన్ఏ అమ్మే ప్రతి సంస్థా కొనుగోలుదారు ఎవరో, అడిగిన అక్షరక్రమం ఏమిటో సరిచూడటాన్ని చట్టబద్ధం చేయాలి. బల్లపై పెట్టుకొని డీఎన్ఏను తయారుచేసే యంత్రాలనూ అదే చట్టం కిందికి తేవాలి.