మూజువాణి చాటున మన ఎంపీలు

మార్కెట్ యార్డులో పంట అమ్మితే ఎంత తూకం, ఏ ధర, ఎంత కోత అన్నీ తక్‌పట్టీలో రాసి రైతు చేతికిస్తారు. అదే రైతు బతుకును తిప్పేసే బిల్లుపై తన ఎంపీ ఎటు ఓటేశారో చెప్పే చీటీ ముక్క మాత్రం లేదు.

2020 సెప్టెంబరు 17న రెండు వ్యవసాయ బిల్లులను లోక్‌సభ మూజువాణి ఓటుతో, అంటే పేర్లు నమోదు కాకుండా ‘ఔను’, ‘కాదు’ అన్న కేకలతోనే, ఆమోదించింది. మూడు రోజులకు రాజ్యసభలో డివిజన్ (ఎవరు ఎటో నమోదయ్యే ఓటింగ్) అడిగినా దక్కలేదు. మరుసటి ఏడాది నవంబరు 29న ఆ చట్టాల రద్దూ మూజువాణితోనే, చర్చ లేకుండానే. అప్పుడు మన అనంతపురం, హిందూపురం ఎంపీలిద్దరూ వైకాపా వారు. ఆ పార్టీ బిల్లులను సమర్థించింది. ఆ ఇద్దరిలో ఎవరు ఔనన్నారు, ఎవరు నోరు మెదపలేదు? రాతపూర్వకంగా ఏమీ లేదు. దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లకు తలుపు తీసిన 2017 ఆర్థిక బిల్లుపై రాజ్యసభ చేసిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చిందీ ఇలాగే. అప్పటి మన ఎంపీలిద్దరూ తెదేపా వారు. పార్టీ మారింది, చీకటి మారలేదు.

1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ (పార్టీ ఆదేశం) ధిక్కరిస్తే పదవికే ముప్పు. అంటే ఎంపీ ఓటు పార్టీ గుప్పిట్లో ఉంది. మరి పార్టీని పోషించేదెవరు? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేస్తేగానీ తెలియలేదు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని, దేశంలో రెండో పెద్ద దాతగా తేలింది. ఆ సొమ్ము భాజపా, భారాసలతో పాటు వైకాపాకూ, తెదేపాకూ చేరింది. పోలవరం ప్రాజెక్టు పనులు 2019లో దక్కింది ఆ సంస్థకే. విరాళమే నేరమని మేం అనడం లేదు. ఓటరుకు తెలియకుండా దాచడం నేరంకన్నా తక్కువ కాదని అంటున్నాం.

ప్రతి బిల్లు తుది ఆమోదానికీ పేరుపేరునా ఓటు నమోదు కావాలి. దాతల జాబితా పోలింగ్‌కు ముందే బయటపెట్టాలి. 1967లో హిందూపురం నుంచి గెలిచి, స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వాన్నే వదులుకుని పార్టీకన్నా సభే మిన్న అని చాటిన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి పుట్టిన నేల ఇది. 2024లో మనం ఎన్నుకున్న ఎంపీలు అంబికా లక్ష్మీనారాయణ (అనంతపురం), బి.కె. పార్థసారథి (హిందూపురం) ఇందుకోసం కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు. సభలో లేచి డివిజన్ కోరే హక్కు వారికి ఈ రోజే ఉంది. ఏ బిల్లుకు ఎటు ఓటేశారో సమావేశాలు ముగిసిన వారంలోగా నియోజకవర్గ ప్రజలకు రాసివ్వాలి. వచ్చే సమావేశాలతోనే మొదలుపెట్టాలి.