పెంపుడు కుక్క వైద్యం బిల్లు న్యాయమేనా? జగ్గయ్యపేట, నందిగామలో అసలు లెక్క ఇదీ!

ఇంట్లో కుక్కనో, పిల్లినో పెంచుకుంటున్నారా? అయితే ఆసుపత్రి బిల్లు చూసి ఒక్కసారైనా గుండె గుభేల్‌మనే ఉంటుంది. మరి ఆ ఫీజులు న్యాయమైనవేనా?

ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో పశువైద్యం అంటే మొదటి నుంచీ గేదెలు, ఎద్దులు, గొర్రెలే. ప్రభుత్వ వ్యవస్థ కూడా వాటి చుట్టూనే పెరిగింది. 2022 మేలో మొదలైన సంచార పశువైద్య వాహనాలు నియోజకవర్గాల వారీగా వచ్చాయి. 1962కు ఫోన్ చేస్తే ఊరికే వస్తాయి. అయితే అవి ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసమే.

బిల్లు ఎందుకు పెరుగుతోంది?

మనుషులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. పశువులకు జాతీయ పశుసంపద మిషన్ కింద సబ్సిడీ బీమా ఉంది. 2024లో కేంద్రం రైతు వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది. కుక్కకు మాత్రం ఈ రెండూ లేవు. మందు, మత్తు, పరీక్ష, డాక్టర్ ఫీజు... మొత్తం యజమాని జేబులోంచే కట్టాలి. గేదె కోలుకుంటే పాల రూపంలో కొంతైనా తిరిగొస్తుంది. కుక్క విషయంలో ఆ మాటే లేదు.

దీనికి దూరం తోడవుతోంది. పెద్ద ఆపరేషన్ అంటే సాధారణంగా విజయవాడకో, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో వెళ్లాలి. విజయవాడకు నందిగామ నుంచి సుమారు 50, జగ్గయ్యపేట నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. కుక్కను బస్సులో తీసుకెళ్లడం కష్టం కాబట్టి ఆటోనో, కారో మాట్లాడుకోవాల్సిందే. అంటే డాక్టర్ ఫీజు కంటే ముందే కిరాయి మీటర్ తిరుగుతుంది.

పన్ను సంగతేంటి?

పశువైద్య క్లినిక్ సేవలపై జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి మందులపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్ కుక్క ఆహారంపై మాత్రం 18 శాతం అలాగే ఉంది.

బ్రిటన్‌లోనూ ఇదే గొడవ. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2016-2023 మధ్య పశువైద్యం ధరలు 63 శాతం పెరిగాయని తేల్చింది. క్లినిక్‌లు రేట్ల పట్టిక బయటపెట్టాలని 2025 అక్టోబర్‌లో ప్రతిపాదించింది.

అసలు ప్రమాదం ఎక్కడ?

ఖర్చుకు భయపడి టీకా మానేస్తే నష్టం కుక్కతో ఆగదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినోత్సవం నాడు, పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఆ రోజును వదులుకోవద్దు.

మొత్తంగా చూస్తే, చదువుకుని యంత్రాలు కొని క్లినిక్ నడిపే డాక్టర్ ఫీజు తీసుకోవడం తప్పు కాదు. అంత అవుతుందని ముందుగా చెప్పకుండా, చికిత్స అయ్యాక బిల్లు చేతిలో పెట్టడమే అన్యాయం. గోడ మీద రేట్ల బోర్డు, వైద్యం మొదలయ్యే ముందు ఓ అంచనా చీటీ ఉంటే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం తీరాలంటే విజయవాడ దాకా పరుగులు తీయకుండా నందిగామ, జగ్గయ్యపేటల్లోనే ఆపరేషన్ సౌకర్యం రావాలి.