చార్టు పోయింది, స్టేటస్ వచ్చింది

రిజర్వేషన్ చార్టు అంటే ఏమిటో ఖరిదా వాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినిపించే పేట అది. తాతల నాడు రైల్వే కొలువుల కోసం వచ్చిన కుటుంబాలు ఇప్పటికీ పెళ్లికో, పండక్కో విశాఖ వైపు రైలెక్కుతుంటాయి. ఆ రైలు పెట్టె తలుపు పక్కన అంటించిన కాగితంలో ప్రయాణికుల పేరు, వయసు, ఆడో మగో, బెర్తు నంబరు అన్నీ ఉండేవి. ఒంటరిగా వెళ్తున్న పదిహేడేళ్ల అమ్మాయి ఎక్కడ పడుకుంటుందో ప్లాట్‌ఫారం మీది ప్రతివాడూ చదువుకోవచ్చు. ఏళ్ల తరబడి అది చాలామందికి తప్పుగా తోచలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తేల్చింది. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అంటించడం రైల్వే మానేసింది. అయితే అప్పుడు ఎక్కువగా వినిపించిన మాట గోప్యత కాదు, కాగితం ఆదా!

చిత్రమేమిటంటే రైల్వే పీకేసిన చార్టును ఇప్పుడు కుటుంబాలే అంటిస్తున్నాయి. 'మా పాప మొదటిసారి ఒంటరి ప్రయాణం' అంటూ టికెట్ ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. అందులో పేరు, వయసు, పది అంకెల పీఎన్‌ఆర్ ఉంటాయి. ఆ అంకెలు కొడితే పెట్టె, బెర్తు ఎవరికైనా తెలిసిపోతాయి. యూనిఫాంలో ఉన్న పిల్లవాడి ఫొటో అయితే బడి పేరు కూడా చెప్పేస్తుంది. ఎవరి అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడో పక్కింటి పిన్నిగారికి తెలిస్తే ప్రమాదం లేదు సరికదా, కొంత రక్షణ కూడా. కానీ స్టేటస్ చూసే వాళ్లంతా పిన్నిగార్లు కారు.

అలాగని నోరు కుట్టుకోవడం కూడా మార్గం కాదు. 2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ దాటి వెళ్లిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బాహానగా బజార్ దగ్గర ప్రమాదంలో చిక్కుకుంది. 290 మందికి పైగా చనిపోయారు. ఒడిశా ప్రభుత్వం మృతుల ఫొటోలను, క్షతగాత్రుల జాబితాలను వెబ్‌సైట్లలో పెట్టింది. పిల్లలు చూడవద్దన్న హెచ్చరికనూ చేర్చింది. మామూలు రోజుల్లో దారుణమనిపించే పని. తమవాళ్ల కోసం ఆస్పత్రుల వెంట తిరుగుతున్న కుటుంబాలకు మాత్రం అదే ఆధారమైంది. ఫొటోతోనే అంతా తేలిందనీ కాదు. ఒకే దేహం తమవాళ్లదంటూ వేర్వేరు కుటుంబాలు రావడంతో భువనేశ్వర్ ఎయిమ్స్‌లో డీఎన్‌ఏ నమూనాలు తీసుకోవాల్సి వచ్చింది.

తప్పిపోయిన పిల్లల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. అంత రద్దీలో చేయి వదిలిన పిల్లవాడు కనిపిస్తే చాలామంది ముందు ఫోన్ తీసి ఫొటో కొడతారు. వాడు చెప్పిన పేరు, ఊరు జోడించి గ్రూపులకు పంపేస్తారు. సదుద్దేశమే. కానీ ఇంట్లో దెబ్బలు తాళలేక పారిపోయి వచ్చిన వాడైతే? 'నేనే వాడి మామను' అంటూ ఎవడో దిగితే? తప్పిపోయిన, పారిపోయిన పిల్లలను సంరక్షణ అవసరమైన వారిగానే చూస్తుంది 2015 నాటి బాల న్యాయ చట్టం. అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి వివరాలు, ఫొటో బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లల మేలు కోసం అవసరమైతే బాలల సంక్షేమ కమిటీ రాతపూర్వకంగా అనుమతించవచ్చు.

అదే వివరం ప్లాట్‌ఫారం మీది ఆర్‌పీఎఫ్ పోలీసుకు చెబితే తప్పు లేదు, చెప్పి తీరాలి. 'నన్హే ఫరిష్తే' పేరిట 2018 నుంచి 2024 మే వరకు ఆర్‌పీఎఫ్ రైళ్లలో, స్టేషన్లలో కాపాడిన పిల్లలు 84,119 మంది. పోలీసు కనిపించకపోతే 1098 ఉంది, రైల్వే వారి 139 ఉంది. పిల్లవాడు ఏ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడో, ఏ భాష మాట్లాడుతున్నాడో చెప్పి, వాళ్లు వచ్చేదాకా పక్కన కూర్చుంటే చాలు.