యంత్రమొక్కటి యిచ్చిన చాలునా?

పూర్వము మన పెద్దలు సప్తసంతానములని యేడింటిని లెక్కించిరి. వానిలో కన్నకుమారుడొకడు, చెఱువు, వనము, దేవాలయము మున్నగునవి తక్కినవి. చెఱువు త్రవ్వించినవాని పేరు తరతరములు నిలుచునని వారి నమ్మకము. నమ్మకము మంచిదే. కాని పల్లెలలో బుట్టి పెరిగిన మనకందఱకును దెలిసిన సంగతి యొకటి కలదు. చెఱువు త్రవ్వించుట యొకనాటి పని. పూడిక తీయించుట, కట్ట గట్టిపఱచుట, తూము బాగుచేయించుట యేటేటి పని. మొదటిదానికి శిలాశాసనము వేయింతురు, రెండవదానికి వేయింపరు. అందుచేతనే మన నాట ననేకములైన చెఱువులు పేరు మాత్రము మిగిలి నీరులేక యున్నవి.

ఇంజనీరింగు విద్యకును, కంప్యూటరు విద్యకును దాతలు చేయు సహాయమునుగూర్చి యోచించినప్పుడెల్ల మాకీ చెఱువుమాటయే జ్ఞప్తికి వచ్చుచున్నది. మన పాఠశాల విడిచిపోవు బాలబాలికలలో పలువురు ఇంజనీరింగు చదువవలెనని కోరుచున్నారు. కావున నీ విషయమై మాకు దోచిన నాలుగు మాటలు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, మిషను పెద్దలకును విన్నవింపదలచితిమి.

కావ్యము చదువుటకు బుస్తకమును, గురువును ఉన్న జాలును. యంత్రశాస్త్రమట్లు గాదు. దానికి బ్రయోగశాల వలయును, పనిముట్లు వలయును, వానిని జూచుకొను పనివారు వలయును. కంప్యూటరు సంగతి మఱియు విచిత్రమైనది. నేడు కొన్న యంత్రము కొలది యేండ్లకే పాతపడును. ఈ వ్యయమంతయు విద్యార్థులిచ్చు జీతములతోనే గడుపవలెనన్నచో బీదవాని బిడ్డ కళాశాల గుమ్మము త్రొక్కజాలడు. అంతయు బ్రభుత్వమే భరింపవలెనన్నచో, దాని చేతిలో నూళ్ల బడులును, ఆసుపత్రులును, బాటలును గూడ గలవు. కావున దాతల తోడ్పాటు వలసినదే. ఇందు వివాదము లేదు. ఏమి యీయవలెను, ఎట్లీయవలెను అనునదియే యాలోచింపదగిన విషయము.

మేమెఱిగిన పాఠశాల యొకటి కలదు. దాని పేరు చెప్పనక్కఱలేదు. కొన్నేండ్ల క్రిందట నొక దాత దానికి బది కంప్యూటర్లు దయచేసెను. ఆనాడు మామిడాకుల తోరణములు గట్టిరి. దాతగారికి బూలదండలు వేసిరి. ఛాయాచిత్రము దీసి గోడకు దగిలించిరి. ఇచ్చినవారి మనస్సు నిర్మలమైనదే. అందు మాకు శంక లేదు. కాని నేర్పువాని జీతమెవరిత్తురు? చెడిన యంత్రమును బాగుచేయించువారెవరు? కరెంటు బిల్లెవరు చెల్లింతురు? ఈ మూడు ప్రశ్నలను ఆనాడెవరును అడుగరైరి. రెండేండ్లకు గదికి దాళము పడినది. నాలుగేండ్లకు దాళపుచెవి యెవరియొద్ద నున్నదో తెలియకపోయినది. ఛాయాచిత్రము మాత్రము గోడమీద నేటికిని జెక్కుచెదరక యున్నది.

ఇందుకు భిన్నమైన దృష్టాంతమొకటి మన దేశమునందే కలదు. 1959లో స్థాపింపబడిన కాన్పూరు ఐ.ఐ.టి.కి 1962 మొదలు 1972 వఱకు అమెరికాదేశపు విద్యాసంస్థలు తొమ్మిది కలిసి తోడ్పడినవి. 1963లో ఐ.బి.యం. 1620 అను కంప్యూటరు అచ్చటికి వచ్చెను. నేడు మన చేతిలోనుండు టెలిఫోనుతో బోల్చినచో నది మిక్కిలి యల్పశక్తి గలది. అయినను యంత్రము వెంట నాచార్యులును వచ్చిరి. వారు కాన్పూరు విద్యార్థులకే గాక యితర సంస్థలనుండి వచ్చినవారికిని శిక్షణమిచ్చిరి. నేర్చినవారు తమ తమ చోట్లకు మఱలి మఱికొందఱకు నేర్పిరి. ఆ యంత్రమెన్నడో మూలబడెను. ఆ విద్య మూలబడలేదు. యంత్రముతోపాటు గురువును గూడ నిచ్చిన దానమునకు ఫలమిట్టిది.

ఇక శాశ్వతముగా నిలుచు దానమునకు జంషెడ్జీ నుస్సర్వాంజీ టాటాగారి దానమును జెప్పుకొనవలెను. ఆయన 1898లో దన యాస్తినుండి బొంబాయిలోని పదునాలుగు భవనములను, నాలుగు భూఖండములను దేశమున నొక విజ్ఞానసంస్థ నెలకొల్పుటకై ప్రత్యేకించెను. వానిపై వచ్చు నాదాయముతో నా సంస్థ యేటేట నడువవలెనని యాయన తలంపు. ఇంత చదువు చదువువారు హిందూదేశమున దొరకుదురా, చదివినవారికి బను లుండునా యని నాటి వైస్రాయి కర్జను ప్రభువు సందేహించెను. టాటాగారు 1904లో గాలధర్మము నొందిరి. 1909లో బెంగుళూరున సంస్థ యేర్పడెను. మైసూరు సంస్థానమువారు 371 ఎకరముల భూమినిచ్చిరి. 1911లో విద్యార్థులు ప్రవేశించిరి. మొదటి శాఖలలో విద్యుచ్ఛాస్త్రమునకు సంబంధించిన దొకటి. దాత తన పేరు పెట్టవలదనెను. ప్రజలు మాత్రము నేటికిని దానిని టాటా ఇన్‌స్టిట్యూటనియే పిలుచుచున్నారు.

అంతకు బూర్వమే, 1892లో, విదేశములకేగి యున్నతవిద్య నభ్యసింపగోరు విద్యార్థులకై టాటాగారొక నిధి నేర్పఱచిరి. అందలి విశేషమేమనగా, అది విద్యార్థులకు ఋణముగా నిచ్చు సహాయము. చదువు ముగించి సంపాదనపరులైనవారు దీర్చిన సొమ్ము మఱియొక విద్యార్థికి జేరును. పుచ్చుకొన్నవాడు తలవంపనక్కఱలేదు, నిధియు నెండిపోదు. ఈ పద్ధతి మాకు మిక్కిలి యాదరణీయముగా దోచుచున్నది.

మన యాంధ్రదేశమునను ఇట్టివారు లేకపోలేదు. 1926లో బెజవాడలో నారంభమై పిమ్మట వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు జయపురాధీశ్వరులైన శ్రీ విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు దానము చేసిరి. అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాలకు వారి పేరు పెట్టబడెను. ఒక్కసారి యిచ్చి చేతులు దులుపుకొనక యేటేట నిచ్చుటయే యందలి గొప్ప. ఆ విశ్వవిద్యాలయముననే 1946లో నింజనీరింగు విద్యయు బ్రారంభమయ్యెను.

ఇటీవలి సంగతులు చూతము. 1973లో విద్యార్థిగా బొంబాయి ఐ.ఐ.టి.లో జేరిన నందన్ నీలేకనిగారు ఏబది యేండ్లు నిండిన సందర్భమున, 2023లో, ఆ సంస్థకు 315 కోట్ల రూపాయలిచ్చిరి. అంతకుముందిచ్చిన 85 కోట్లతో గలిపి యది 400 కోట్లయినది. మన బాపట్లలో జన్మించి, 1970లో మద్రాసు ఐ.ఐ.టి.లో ఎం.టెక్. ముగించిన చివుకుల కృష్ణగారు 2024లో నా సంస్థకు 228 కోట్లిచ్చిరి. ఆ ధనము విద్యార్థివేతనములకును, పరిశోధనలకును వినియోగింపవలసినదిగా నేర్పాటయినది. ఒక భవనమునకు వారి పేరు పెట్టిరి. దాని పోషణవ్యయమును గూడ నా దానమునందే చేర్చిరి. త్రవ్వించినవారే పూడికకును సొమ్ముంచుట యనగా నిదియే. మేము దీనిని మనసార శ్లాఘించుచున్నాము.

అయినను మా మనస్సున నొక కొఱత మిగిలియున్నది. ఎవరైనను దాము చదివిన చోటికే యిత్తురు; అది సహజము. దాన బెద్ద సంస్థలలో జదివిన పెద్దల సొమ్ము పెద్ద సంస్థలకే చేరుచున్నది. అచ్చట జదువగలుగువారు స్వల్పసంఖ్యాకులు. మన పిల్లలలో బెక్కుమంది చదువునది జిల్లాలలోని చిన్న కళాశాలలలో. వానికి గోట్లిచ్చు దాత యెవడు?

మేమెఱిగిన విద్యార్థి యొకడు ప్రవేశపరీక్షలో నెగ్గి యట్టి కళాశాలలో గంప్యూటరు శాఖయందు స్థానము సంపాదించెను. ప్రభుత్వసహాయముచే గళాశాల జీతము గడచినది. హాస్టలు ఖర్చునకై తల్లి తన చెవికమ్మలు కుదువబెట్టెను. ల్యాప్‌టాపు కొనుటకు మఱి తాకట్టుపెట్టదగిన వస్తువు లేకపోయెను. అతడు మొదటి సంవత్సరమంతయు, గదిలోని స్నేహితుడు నిద్రించిన పిమ్మట, వాని యంత్రముపై నభ్యాసము చేసెను. అతడు గట్టెక్కినాడు. గట్టెక్కినవాని కథనే మనము వినుచున్నాము. నడుమ మానివేసినవాని కథ మన చెవికి రాదు. ఇట్టివానికి గావలసినది కోట్లు గాదు. ఒక యంత్రపు వెల, నాలుగేండ్లు నెలనెల హాస్టలునకు గట్టవలసిన కొలది సొమ్ము, ఇంతియే.

ఇచ్చువాని యిష్టము ఇచ్చువానిది, అతడు భవనమే కట్టించునుగాక, యంత్రమే యిచ్చునుగాక, మనము తప్పెన్నదగునా యని కొందఱనవచ్చును. తప్పెన్నుట మా యుద్దేశము గాదు. పేరు కోరుటయు దోషము గాదు. పేరునకై యిచ్చిన యన్నమును ఆకలి తీర్చును. కాని పుచ్చుకొనువారికి నోరున్నది. మాకు గావలసినదిది యని వినయముతో జెప్పుట వారి ధర్మము. చెప్పక పుచ్చుకొని పిమ్మట గదికి దాళము వేయుటకంటె, పుచ్చుకొనుటకు ముందే చెప్పుట దాతకు గౌరవము. అట్లే దాతయు, సొమ్మిచ్చితిని గనుక బాఠమేమి చెప్పవలెనో నేనే నిర్ణయింతునని పట్టుబట్టరాదు. పాఠ్యనిర్ణయము గురువుల పని.

కావున మా సూచనలు మూడు. మన పాఠశాలకెవరైన యంత్రమిచ్చునప్పుడు నేర్పువారెవరు, బాగుచేయువారెవరు, వ్యయము భరించువారెవరు అను మూడు ప్రశ్నలను మిషను పెద్దలు ముందే దాతతో ముచ్చటింతురుగాక. మన పూర్వవిద్యార్థులలో నుద్యోగములు చేయుచున్నవారు తలకొక కొలది మొత్తము వేసి, టాటాగారి పద్ధతిని, ఇచ్చి పుచ్చుకొను నిధి యొకటి యేర్పఱతురుగాక. ఇది యుడుతసాయమే కావచ్చును. అయినను వారధికి నిసుక వలసినదే. తల్లిదండ్రులు సహాయము పుచ్చుకొనుటకు సిగ్గుపడక, తీర్చువఱకు మఱవక యుందురుగాక.

విద్యార్థులారా! మీలో నెవరైన నొకనాడు పెద్ద ఇంజనీరు గావచ్చును. నాడు మీరు చదివిన గొప్ప సంస్థను దలచుకొనుడు, తప్పులేదు. దానితోపాటు మీకక్షరములు నేర్పిన యీ బడిని, స్నేహితుడు నిద్రించువఱకు గాచుకొనియుండు నే పేదబాలునో యొకనిని గూడ దలచుకొనుడు. క్రొత్త చెఱువు త్రవ్వించు శక్తి యందఱకును గలుగదు. తట్టెడు పూడిక యెత్తిపోయు శక్తి మనలో బ్రతివానికిని గలదు.