ముక్కు చెప్పని ముప్పు

కూర బాగుందో పాడయిందో తెలుసుకోవడానికి మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న పద్ధతి ఒక్కటే. మూత తీసి వాసన చూస్తాం. కూరను ఎలాగూ మళ్ళీ వేడిచేసుకునే తింటాం కనుక, ఆ పద్ధతితో చాలావరకు నెట్టుకొస్తున్నాం. కాని హామ్, సలామీ, చికెన్ రోల్ వంటి నిలవ మాంసాలను ఫ్రిజ్‌లోంచి తీసి, పొయ్యి వెలిగించకుండానే రొట్టెముక్కల మధ్య పెట్టుకుని తినేస్తారు. వీటి విషయంలో ముక్కును నమ్ముకుంటే మోసపోతారు.

అమెరికా, కెనడాలలో డెలీ కౌంటరు దగ్గర పల్చగా కోయించి తెచ్చుకునే మాంసం ఇదే. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు చాలామందికి ఇది అలవాటయింది. మన పట్నాల సూపర్ మార్కెట్లలోనూ ప్యాకెట్లలో దొరుకుతోంది.

ఉప్పు వేసినంత మాత్రాన...

ఈ మాంసానికి ఉప్పు, నైట్రైటు అనే లవణం పట్టిస్తారు. ఆ గులాబి రంగు నైట్రైటు వల్ల వచ్చినదే. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే సూక్ష్మజీవిని అది పెరగనివ్వదు. అంతమాత్రాన, ఉప్పు వేశారు గదా, ఊరగాయలా ఏడాదిపాటు ఉంటుందనుకోకండి. గట్టిగా ఎండబెట్టిన సలామీ సంగతి వేరు. హామ్, చికెన్ రోల్ వంటివాటిలో తడి ఎక్కువ. తడి ఉన్నచోట సూక్ష్మజీవులు ఉంటాయి.

పాడయిన గుర్తులు

ప్యాకెట్ ఉబ్బినా, ముక్క వేలికి జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వేసినా, బూడిదరంగు లేక ఆకుపచ్చ మచ్చలు కనిపించినా, కోసిన ముక్కల మీద బూజు పట్టినా పారవేయండి. కడిగి వేయించితే సరిపోతుందనుకోవద్దు. పారేయడమెందుకని పనిమనిషి చేతిలో పెట్టడం మరీ తప్పు. ఒక్కదానికి మాత్రం భయపడనక్కరలేదు. కోసిన హామ్ మీద ఒక్కోసారి ఇంద్రధనుస్సులా రంగుల మెరుపు కనిపిస్తుంది. అది వెలుతురు చేసే చిత్రమే.

ఏ గుర్తూ లేని శత్రువు

అసలు ప్రమాదం ఈ గుర్తులేవీ లేనప్పుడే. లిస్టీరియా అనే సూక్ష్మజీవి 4 డిగ్రీల చలిలో కూడా మెల్లమెల్లగా పెరుగుతుంది. మాంసం రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. 2017-18లో దక్షిణాఫ్రికాలో ‘పొలోనీ’ అనే ఇలాంటి మాంసం మూలంగా వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. రెండువందల మందికి పైగా మరణించారు. వారిలో పుట్టి నెల తిరగని పసికందులు ఎందరో. 2024లో అమెరికాలో డెలీ మాంసం వల్లనే 10 మంది చనిపోయారు.

గర్భిణులకు ఇది మరీ ప్రమాదం. తల్లికి కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చి తగ్గిపోవచ్చు. కాని కడుపులోని బిడ్డ దక్కకపోవచ్చు. తిన్న కొన్ని వారాలకు, ఒక్కోసారి 70 రోజులకు జబ్బు బయటపడుతుంది కనుక, కారణం ఎవరికీ తట్టదు. అందుచేత గర్భిణులు, 65 ఏళ్ళు దాటినవారు, కాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు ఈ మాంసాన్ని చల్లగా తినకూడదు. పొగలు కక్కేదాకా, అంటే 74 డిగ్రీల వరకు వేడిచేసి తినాలి. లేదా మానేయాలి. ఇటువంటివి తిన్న గర్భిణికి రెండు నెలలలోపు జ్వరం వస్తే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వెంటనే యాంటీబయాటిక్ మందులు వాడితే బిడ్డను కాపాడుకునే అవకాశం ఉంది.

నిలవ చేసే పద్ధతి

ఫ్రిజ్‌లో వేడి 4 డిగ్రీలు దాటకూడదు. మాటిమాటికీ తెరిచే తలుపు అరలో మాంసం పెట్టకండి. సీలు తీయని ప్యాకెట్ రెండు వారాలు ఉంటుంది. దానిమీది గడువు అంతకుముందే తీరితే ఆ తేదీయే లెక్క. సీలు తీసినది, కౌంటరులో కోయించినది మూడు నుంచి అయిదు రోజులలో అయిపోవాలి. తెరిచిన రోజునే ప్యాకెట్ మీద కలంతో తేదీ వేయండి. గడ్డకట్టే అరలో ఒకటి రెండు నెలలు రుచి చెడకుండా ఉంటుంది. కాని ఆ చలికి లిస్టీరియా చావదు, పెరగడం ఆగుతుంది, అంతే.

బల్లమీద రెండు గంటలకు మించి ఉంచకండి. మన ఎండాకాలంలోలా 32 డిగ్రీలు దాటితే గంటే. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుంటే ఫ్రిజ్ నాలుగు గంటలపాటు చల్లదనం నిలుపుకుంటుంది. అంతకు మించితే ఈ మాంసం మీద ఆశ వదులుకోండి. ప్యాకెట్ నుంచి కారిన నీటిని వెంటనే తుడవండి. కోసిన కత్తి, పలక సబ్బుతో కడగండి.

పరాయిదేశంలో ఉన్న కూతురో కోడలో నెల తప్పిందని ఫోన్ చేస్తే, బరువులెత్తవద్దని, వేళకు తినమని చెబుతాం. ఫ్రిజ్‌లోని మాంసం వేడిచేయకుండా తినవద్దని కూడా ఆ రోజే చెప్పండి.