మా చిన్నాయనది నాటకం కాదు

పోయిన వారం కదిరికి పోయినప్పుడు చిన్నాయన నన్ను చూసి, "ఎప్పుడొస్తివి పాపా? పొద్దున్నే మదనపల్లెలో టమోటా లోడు దించి ఇప్పుడే వచ్చినా" అన్నాడు. ఆయన వ్యాను తోలి రెండేళ్లయింది. పది నిమిషాలకు మళ్లీ, "ఎప్పుడొస్తివి పాపా?"

వాకిట్లో కూర్చున్న పెద్దమ్మ మూతి తిప్పింది. "తాగుబోతు నాటకాలు. వానికన్నీ తెలుసు. చేసిన అప్పులు మాత్రం గుర్తుండవంట."

ఆ మాట విని ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ముందే చెప్తున్నా, తాగినందుకు ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. ఇరవై ఏళ్లు తాగినాడు. చిన్నమ్మ కమ్మలు పోయినాయి, మూడెకరాల చేను పోయింది. ఆ లెక్క వేరే. ఈ మతిమరుపు మాత్రం జబ్బు. దానికి పేరుంది, కారణముంది, టైముకు చేస్తే వైద్యమూ ఉంది. 1881లో జర్మనీ డాక్టరు వెర్నికె, 1887లో రష్యా డాక్టరు కోర్సకాఫ్ రాసిపెట్టిన జబ్బు. నూట ముప్పై ఏళ్లు దాటినా మన ఇళ్లల్లో దీని పేరు ఇంకా "నాటకం".

కారణం బి1 విటమిన్, అదే థయామిన్. మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తాగేవాడు సరిగ్గా తినడు, తిన్నదాంట్లోని బి1ని పేగులు పీల్చుకోవు, చెడిన కాలేయం దాచిపెట్టుకోదు. బి1 లేకపోతే మెదడు చక్కెరను వాడుకోలేదు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే భాగాలు దెబ్బతింటాయి. అందుకే చిన్నాయనకు ఇరవై ఏళ్లనాటి లోడు గుర్తుంది, పొద్దున తిన్న సంగటి గుర్తులేదు. మధ్యలో ఖాళీ వస్తే మెదడే ఏదో ఒకటి అల్లి నింపుతుంది. ఆయనకు అది నిజమే. అబద్ధమాడాలంటే ముందు నిజం గుర్తుండాలి కదా!

ఇంకో ఎగతాళి చూడండి. చెనక్కాయల్లో బి1 బాగా ఉంటుంది. కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి అని చెనక్కాయ రకాలకే మన ఊరి పేరు పెట్టిన పరిశోధన కేంద్రం ఉన్న ఊళ్లో, చెనక్కాయ చేను అమ్ముకుని తాగినాయనకు ఆ విటమినే కరువైంది.

ఇప్పుడు మా తప్పుల సంగతి. పెద్దవాళ్లంతా చేరి నరసింహస్వామి గుడి ముందర ఒట్టు పెట్టించి ఒక్కరోజులో మాన్పించినారు. మంచి ఉద్దేశమే. మూడో రోజుకు చేతులు వణుకు, చెమటలు, గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అది డాక్టరు కళ్ల ముందర, మందులతో మాన్పించాల్సిన పని. మేమేం చేసినాం? గాలి సోకిందని తాయత్తు కట్టించినాం. తర్వాత వీధి చివర ఆర్ఎంపీ వచ్చి "నీరసం" అని రెండు గ్లూకోజు బాటిళ్లు ఎక్కించినాడు.

అక్కడే మునిగినాం. ఒంట్లో బి1 లేనివాడికి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా అయిపోతుంది, జబ్బు ముదరొచ్చు. చక్కెర పడిపోతే గ్లూకోజు ఆపకూడదు, ఇవ్వాల్సిందే, కానీ బి1 ఇంజెక్షను ముందో, దాంతోపాటో పడాలి. మర్నాటికి చిన్నాయన తూలుతున్నాడు, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, మనుషుల్ని పోల్చుకోలేదు. "దొంగచాటుగా తాగినాడు" అన్నారు. మత్తుగా ఉండటం, తూలడం, కళ్లు అదరడం, ఇవే ఈ జబ్బు గుర్తులు. మూడూ ఒకేసారి అందరిలో కనపడవు కాబట్టి ఒక్కటున్నా అనుమానించాల్సిందే. బెంగళూరు పెద్దాసుపత్రికి చేర్చేసరికి పది రోజులు గడిచిపోయినాయి. నడక వచ్చింది. జ్ఞాపకం రాలేదు. కొందరికి చాలావరకు వస్తుందంట, కొందరికి కొంచెం, కొందరికి అసలు రాదు.

బి1 ఇంజెక్షను ఖరీదైన మందేం కాదు. చౌక మందే. మన ఆడవాళ్లు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి సారా దుకాణాలు మూయించినారు. 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చినాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేసినారు. అప్పట్నుంచి ఏ ప్రభుత్వమొచ్చినా ఖజానాకు సీసాయే దిక్కు. అమ్మినవాళ్లే ప్రతి మండల ఆసుపత్రిలో ఈ ఇంజెక్షను పెట్టి, తాగుడు మానే మనిషి రాగానే వేయాలని నియమం పెట్టొచ్చు కదా? అమ్మకంలో ఉన్న శ్రద్ధ ఇందులో ఎందుకు లేదు?

మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే గ్లూకోజు బాటిల్ చూడగానే "బి1 వేసినారా సార్?" అని అడగండి. కసురుకున్నా అడగండి. ఉత్త మాత్రలు చాలవు, తాగిన పేగులు వాటిని సరిగ్గా పీల్చుకోవు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు. అన్నంలో తెలియకుండా కలిపే పొడుల జోలికి మాత్రం పోకండి.

నేను బయల్దేరుతుంటే చిన్నాయన గడప దగ్గరికొచ్చి, "ఎప్పుడొస్తివి పాపా?" అన్నాడు. "ఇప్పుడే చిన్నాయనా" అన్నాను. చిన్నమ్మ లోపల్నుంచి, "ఉండి భోంచేసి పొమ్మను" అనింది. ఆమె ఆయన్ని విసుక్కోవడం ఎప్పుడో మానేసింది. పెద్దమ్మ ఇంకా మానలేదు.